ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరు

ఫోన్లో రెండూ ఐదు, స్టేషన్ గోడమీది గడియారంలో రెండూ పది. ఏది సరైందో తెలియక అమలమ్మ రెండిటినీ నమ్మలేదు. బెంచీ చివర, గోడవైపు జరిగి, ఫోన్ని చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పైకి కనబడేలా పట్టుకుంటే ఎవరి ఫోను కోసం చూస్తున్నావని ఎవరన్నా అడుగుతారేమో, అడిగితే మా అబ్బాయి కోసం అనాలి, అక్కడే కదా చిక్కంతా, ఈ పోలీస్ స్టేషన్ కాగితాల్లో తనకి అబ్బాయే లేడు. గురువారం పొద్దున తన నోటితో తనే చెప్పింది లేడని. ఆ మాట విని రాసుకుపోయినాయన కానిస్టేబులట, దుర్గాప్రసాద్ అట, గన్నవరం బందోబస్తుకి వెళ్ళాడట, మూడింటిలోపు వచ్చేస్తాడట. బల్ల వెనక కూర్చున్న పోలీసమ్మాయి చెప్పింది, "కూర్చోండాంటీ, వచ్చేస్తారు" అని, అంత మెత్తగా ఎందుకు చెప్పిందో. పోలీసులు మెత్తగా మాట్లాడతారని ఎవరూ చెప్పగా వినలేదు. ఆదివారం రెండుకీ మూడుకీ మధ్య బెన్నీ ఫోన్ చేస్తాడు, వారానికి ఒక్కసారి, నాలుగైదు నిమిషాలు, ఆ గంట దాటితే మళ్ళీ వచ్చే ఆదివారమే. ఈ ఒక్క గంటలో ఇద్దరూ రావాలి, ఆయనా రావాలి, ఫోనూ రావాలి, ఆయనే ముందు రావాలి. ఫోను ముందొస్తే వాడితో ఏం మాట్లాడాలి? నువ్వు లేవని చెప్పాన్రా, నీ ఉద్యోగం ఉందో ఊడిందో ఇంకో అరగంటలో తెలుస్తుంది అనాలా?

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో ఆదివారం డ్యూటీ పడిందని చెప్పి బయల్దేరింది. బాలశౌరి మంచంమీద అటు తిరిగి పడుకునే "సరే" అన్నాడు. థర్మల్ ప్లాంటులో బొగ్గు దగ్గర కాంట్రాక్టు పని చేసి చేసి పగటిపూట నిద్రపోయే అలవాటు ఆయనకి, కానీ ఇవాళ ఆ సరే అనడంలో నిద్ర లేదు. తెలిసిపోయిందా? తెలిస్తే అడిగేవాడు కదా. అడగకపోవడమే తెలిసిందనడానికి గుర్తేమో, పాతికేళ్ళ కాపురంలో ఆయనకి తెలిసిన సంగతి ఒక్కటీ ఆయన నోట ముందు రాలేదు.

వాడు వెళ్ళి పదమూడు వారాలు. మధ్యప్రదేశ్‌లో ఎక్కడో ఆర్మీ ట్రైనింగ్ సెంటరు, పేరు నోరు తిరగదు, తిరిగినా ఎవరికీ చెప్పకూడదు. విజయవాడ స్టేషన్లో రైలెక్కించిన రోజు వాడి చేతిలో నల్ల ట్రంకుపెట్టె ఉంది, దానిమీద తెల్ల రంగుతో ఇంగ్లీషులో వాడి బడి పేరు పవన్‌కుమార్ అని రాయించారు, ఆ అక్షరాలు చూస్తే ఎవరో పరాయి పిల్లాడి పెట్టెని మనవాడు మోసుకెళుతున్నట్టే అనిపించింది ఆమెకి. ఆ పెట్టె ఆ పేరు గలవాడిది, ఆ చేతులు బెన్నీవి. రైలు కదిలాక వాడు చెయ్యూపలేదు, పెట్టె కాళ్ళమధ్య పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడంతే. ఆ రోజునుంచి వాడి సంగతి వాడు చెప్పగా వినడమే గాని కళ్ళతో చూసింది లేదు. చెప్పేది కూడా ఎంత? "అమ్మా, తిన్నావా? నాన్న డ్యూటీకెళ్ళాడా? కృప చదువుతోందా?" వారం వారం ఇవే మూడు ప్రశ్నలు, ఇదే వరస. వరస మారితే ఏమవుతుందని అంత భయం? ఆ పక్కన ఎవరో నిలబడి వింటుంటేనే మనిషి అట్లా వరసగా మాట్లాడతాడు. ఆమెకి తెలీకేం, గొల్లపూడి దాటాక కోచింగ్ కాలేజీ హాస్టల్లో ఎనిమిదేళ్ళుగా వంట చేస్తోంది, నాలుగొందలమంది పిల్లలకి. ఆదివారం సాయంత్రం వార్డెన్ బల్లమీద ఒకటే ఫోను, మెట్లదాకా లైను, ఒక్కొక్కడూ వచ్చి "బానే ఉన్నా మమ్మీ, ఫుడ్ బావుంది, టెస్టులో ర్యాంకొచ్చింది" అని, అదే గొంతు, ఒకళ్ళ గొంతే అందరూ అరువు తెచ్చుకున్నట్టు, ఫోన్ పెట్టేసి నేరుగా చేతులు కడుక్కునే దగ్గరికొచ్చి పంపు తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడవడం. రెండు రోజులుగా పళ్ళెం ముట్టనివాడు ఫుడ్ బావుందంటాడు. ఆ తల్లి ఎక్కడో మైలవరంలోనో పామర్రులోనో ఫోను పెట్టేసి హమ్మయ్య అనుకుంటుంది. అట్లాంటి హమ్మయ్య తను అనుకోకూడదని మొదటి ఆదివారమే గట్టిగా అనుకుంది అమలమ్మ.

పోయిన వారం ఇంకా ఘోరం. చివర్లో "థాంక్యూ అమ్మా" అన్నాడు. ఎందుకురా అంటే, "ఊరికే" అన్నాడు. ఇరవై ఏళ్ళ కొడుకు, వేడన్నం పెట్టినా, జ్వరంలో రాత్రంతా తడిగుడ్డ వేసినా ఒక్కనాడు థాంక్యూ అన్న పాపాన పోలేదు, ఇప్పుడు ఊరికే అంటాడా? ఊరికే ఎవడన్నా అంటాడా? ఆ రాత్రి బాలశౌరితో అంది. "నీకు ప్రతిదాంట్లో ఏదో ఒకటి కనబడుద్ది. థాంక్యూ అన్నా తప్పేనా?" అన్నాడాయన, దుప్పటి లాక్కుంటూ, "అక్కడ నేర్పుతారేమోలే" అన్నాడు. నేర్పితే రావడానికి అదేమన్నా కవాతా?

ఎవరో లోపలికొచ్చారు. కాదు, ఆయన కాదు, పర్సు పోయిందని చెప్పడానికొచ్చిన మనిషి. చెమట్లు కక్కుతూ నిలబడి, పర్సులో ఏముందో చెప్పకుండా పర్సు రంగే చెబుతున్నాడు. పర్సు నిజంగా పోయిందా అని అమలమ్మకి అనుమానమొచ్చింది. వెంటనే తనమీద తనకే చిరాకొచ్చింది, ఇక్కడ అబద్ధం చెప్పినదాన్ని నేనుండగా ఆయన్నెందుకు అనుమానించడం. లోపలి గదిలో వైర్‌లెస్ సెట్టు గరగరమంటూ ఏదో అంకెలు చెబుతోంది, ఆపుతోంది, మళ్ళీ గరగర. రెండూ పద్దెనిమిది.

అసలు ఆ గ్రూపులో చేరకుండా ఉండాల్సింది. కృప చేర్చింది, డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల, దానికన్నీ ఫోన్లోనే దొరుకుతాయి. సైన్యంలో చేరిన పిల్లల తల్లిదండ్రుల గ్రూపు. జయకృష్ణగారని గుడివాడ ఆయన, సుబేదారుగా చేసి రిటైరయ్యాడు, పొద్దున్నే ఒక సలహా పెడతాడు. మంచి సలహాలే, కాదనడానికి లేదు. ఫోన్లో ఏడవకండి, మీరు ఏడిస్తే వాడు ఆ వారమంతా ఏడుస్తాడు. ఎప్పుడొస్తావని అడగకండి, వాడి చేతిలో లేని సంగతది. తిన్నావా అనే బదులు ఈ వారం ఏం నేర్చుకున్నావని అడగండి, చెప్పుకోవడానికి వాడికీ ఒకటుంటుంది. ఫోన్ రాని వారం కూడా ఉంటుంది, అంతమాత్రాన కీడు శంకించకండి. ఉత్తరం రాయండి, ఫోను నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఉత్తరం దిండు కింద పెట్టుకుంటాడు. ఇంట్లో గొడవలు, జబ్బులు వాడిదాకా పోనివ్వకండి. కృప చదివి వినిపిస్తే అమలమ్మ వంటింట్లోంచే వినేది, ఒకటికి రెండుసార్లు చదవమనేది, చెప్పినట్టే చేసేది. ఏడవలేదు. ఎప్పుడొస్తావని అడగలేదు. ఏం నేర్చుకున్నావురా అని అడిగితే "తాడెక్కడం" అన్నాడు, మళ్ళీ అవే మూడు ప్రశ్నలకి వచ్చేశాడు.

ఆ సలహాల్లో ఇంకోటి ఉంది, నెల కింద పెట్టాడు. మన పిల్లల పేర్లూ నంబర్లూ ఊళ్ళూ తెలుసుకుని మోసగాళ్ళు ఫోన్లు చేస్తున్నారు, సెంటరు డాక్టరునంటారు, మీ వాడు పడిపోయాడంటారు, ఓటీపీ చెప్పమంటారు. ముక్కూమొహం తెలియనివాడు ఎవడొచ్చి అడిగినా మీ అబ్బాయి గురించి ఒక్క ముక్క చెప్పకండి. ఒక్క ముక్క అని ఆయనే రాశాడు. కృప గట్టిగా చదివింది. ఆ మాట ఆమెకి నచ్చింది కూడా, ఎందుకంటే కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదందులో, అత్తగారు పాతికేళ్ళ కిందటే నేర్పింది.

కాపరానికి వచ్చిన కొత్తల్లో, కొండపల్లి దగ్గర ఆ పేటలో, మనుషులకి రెండేసి పేర్లని తెలిసి ఆమె తికమకపడింది. పుట్టింట్లోనూ ఉన్నాయి గాని అక్కడ తను చిన్నపిల్ల, పట్టించుకోలేదు. గుడిలో బాప్తిస్మపు పేరొకటి, బడిలో పేరొకటి. బాప్తిస్మం నాడు ఫాదర్ గారు నీళ్ళు పోసి పెట్టిన పేరుతో ఇంట్లో పిలుస్తారు, పెళ్ళి చేస్తారు, సమాధి మీద రాస్తారు. బడి పేరు కాగితాలకి. ఎందుకట్లా అంటే పేటలో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పి చెప్పరు. బెన్నీని బళ్ళో వేసిన రోజు మామగారు శౌరయ్య తీసుకెళ్ళాడు, హెడ్మాస్టరు పెన్ను పట్టుకుని "బెన్నీ అంటే రేపు కాగితాలకి అడ్డమవుద్దిరా శౌరీ, వేరేది చెప్పు" అన్నాడు, మామగారికి ఏదీ తోచకపోతే ఆయనే పవన్‌కుమార్ అని రాసేశాడు. ప్రేమతోనే రాశాడు, మంచివాడు. అయినా ఆ పేరుతో ఇంట్లో ఒక్కరూ పిలవలేదు. పోస్టుమేన్ ఆ పేరు పెట్టి పిలిస్తే పేటంతా ఒక్క క్షణం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. అత్తగారైతే బెన్నీ పుట్టకముందే చెప్పింది, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "బడి పేరు పెట్టి ఎవడడిగినా ముందు లేరని చెప్పాలమ్మాయ్. తర్వాత మగాళ్ళు చూసుకుంటారు." ఆవిడ బతికున్నన్నాళ్ళూ అట్లాగే చెప్పింది, ఆవిడకేం నష్టం రాలేదు.

గురువారం అంతే జరిగింది. ఆలోచించి చేసిన పని అయితే వేరు. ఏడున్నర బస్సుకి చెప్పులేసుకుంటోంది. బైకు ఆగింది, హెల్మెట్టు, మామూలు గళ్ళ చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. ఆయన దిగగానే ముందు గుమ్మం పైనున్న సిలువ వంక చూశాడు. తర్వాత ఫైలు వంక చూశాడు. మళ్ళీ సిలువ వంక. ఆ మూడు చూపులతోనే ఆమె జాగ్రత్తపడింది. "కె. పవన్‌కుమార్ ఇల్లిదేనామ్మా? చిన్న వెరిఫికేషనుంది." వెరిఫికేషన్! ఆ మాట ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుపోయింది. ఒకసారి వచ్చి రేషన్ కార్డులో మామగారి పేరు కొట్టేసింది, ఆయన బతికుండగానే. ఒకసారి వచ్చి అత్తగారి పింఛను తీసుకుపోయింది, వేలిముద్ర పడటంలేదని. పవన్‌కుమార్ అన్న పేరూ, వెరిఫికేషనన్న మాటా, సిలువమీద ఆ చూపూ మూడూ ఒక్కసారి వచ్చి గుమ్మంలో నిలబడితే ఇంకేం చెబుతుంది? "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరండి" అంది. అక్కడితో ఆగితే బావుండేది. ఆయన కదలకుండా, "మరి మీ అబ్బాయి పేరేంటి?" అన్నాడు. "మాకు అబ్బాయిల్లేరండి. ఒక్కతే అమ్మాయి." ఎంత చక్కగా వచ్చిందో ఆ మాట, తడబాటు లేకుండా. ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఫైల్లో ఏదో రాసుకుని, బైకు తిప్పుకుని ఎదురింటి దగ్గర ఆపాడు. ఆమె బస్సెక్కేసింది. గొల్లపూడి దాకా గర్వంగా కూడా ఉంది, ఒక్క ముక్క చెప్పలేదని.

రెండూ ఇరవై ఆరు. ఫోను వణికినట్టయింది, తీసి చూస్తే ఏమీ లేదు, తన తొడే వణికింది.

నిన్న సాయంత్రం జయకృష్ణగారి సలహా వచ్చింది. కృప ఉల్లిపాయలు తరుగుతూ చదివింది. ఈ నెలలో మన పిల్లల పోలీస్ వెరిఫికేషన్లు నడుస్తున్నాయి, మామూలు బట్టల్లో కానిస్టేబుల్ ఇంటికొస్తాడు, ఇరుగుపొరుగుని కూడా అడుగుతాడు, ఐడీ కార్డు చూపించమని మర్యాదగా అడగండి, తర్వాత వివరాలన్నీ సరిగ్గా చెప్పండి, అలాంటివాడు ఆ చిరునామాలో లేడని రిపోర్టు వెళితే ట్రైనింగ్ మధ్యలోంచే ఇంటికి పంపేస్తారు, నా సర్వీసులో ఇద్దరు అట్లా పోవడం చూశాను. "మనింటికి ఎవరన్నా వచ్చారామ్మా?" అంది కృప తలెత్తకుండా. "రాలేదు" అంది అమలమ్మ. అది మూడో అబద్ధం. ఈ మనిషి నెల కింద ఒక్క ముక్క చెప్పొద్దన్నాడు, ఇప్పుడు అన్నీ చెప్పమంటాడు, ఈ రెండో మాట మొదటిదాంతో పాటే చెప్పి ఏడవచ్చు కదా. ఐడీ అడగాలన్న ఆలోచనే రాలేదు తనకి. అడిగే హక్కుందనీ తెలీదు. మనల్ని అడగడమే గాని మనం అడగడం ఎక్కడుంది.

రాత్రంతా ఒకటే లెక్క. గురువారం రాసుకున్నాడు, శుక్రవారం పైకి పంపాడా, శనివారం అక్కడికి చేరిందా, ఇవాళ పొద్దున పరేడ్లో వాణ్ణి పక్కకి పిలిచారా? పవన్‌కుమార్, నువ్వు ఆ ఇంటివాడివి కాదట, నువ్వెవడివిరా? అక్కడ వాణ్ణి బెన్నీ అనేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పేరు ఇంట్లో వదిలేసి వెళ్ళాడు, ఈ పేరేమో ఇంట్లోవాళ్ళు లేదన్నారు. మరి ఏ పేరుతో నిలబడతాడక్కడ? రెండేళ్ళు తెల్లారి నాలుగింటికి లేచి కట్టమీద పరిగెత్తాడు, గుంటూరులో ఆర్మీ ర్యాలీకెళ్ళి మైలు పరుగులో ముందు వరసలో వచ్చాడు, వాడితోపాటే పరిగెత్తిన ఎదురింటి డేనియల్ చివరి చుట్టులో పడిపోయాడు.

అదిగో, అసలు భయం అక్కడుంది. ఎదురింటి తెరేసమ్మ, డేనియల్ తల్లి. తను లేడన్నాక ఆయన బైకు ఆగింది తెరేసమ్మ గుమ్మం ముందే. ర్యాలీ నుంచి వచ్చిననాటి నుంచీ తెరేసమ్మ ముభావంగా ఉంటోంది, మునుపు వదినా వదినా అంటూ కూరగిన్నెతో వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. బెన్నీ వెళ్ళేరోజు మాత్రం వచ్చి, వాడి తలమీద చెయ్యేసి, "మావాడి పరుగు కూడా నువ్వే పరిగెత్తరా" అంది. దీవెనో ఏడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు అమలమ్మ. అట్లాంటి మనిషిని కానిస్టేబుల్ అడిగితే ఏం చెప్పి ఉంటుంది? ఆ, తల్లే లేడందిగా, నాకేం తెలుసు అనుంటుంది. ఒక్క మాట చాలు. ఇవాళ పొద్దున పూజలో అమలమ్మ ఫాదర్ గారి దగ్గర దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లేవలేదు, అబద్ధం నోట్లో పెట్టుకుని ఎట్లా తీసుకుంటుంది. బల్ల దగ్గరే మోకాళ్ళమీద ఉండిపోయింది. లైన్లో తిరిగొస్తూ తెరేసమ్మ చూసింది. ఆగి మరీ చూసింది. బయట చెప్పుల దగ్గర "ఏం వదినా, ఒంట్లో బాలేదా?" అంది. "గ్యాసు" అంది అమలమ్మ. "గ్యాసుకి గుళ్ళో కూర్చుంటే ఎట్లా, ఎక్కడికెళ్ళాలో అక్కడికెళ్ళాలి" అని తెరేసమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఏమిటా మాటకర్థం?

"ఆంటీ, నీళ్ళు కావాలా?" పోలీసమ్మాయి. వద్దంది. ఆ పిల్ల ఇందాకట్నుంచీ ఫోన్లో మెల్లగా మాట్లాడుతోంది, మధ్యలో ఇటు చూస్తోంది. ఆ, వచ్చారు, కూర్చున్నారు, అంటోంది. ఎవరితో? తన గురించేనా? అబద్ధం చెప్పినందుకు కేసు రాస్తారేమో. వాడికి వెరిఫికేషన్లో కేసులున్నాయా అని అడుగుతారట, వాడికి లేవు, తల్లికి ఉందంటే? లేచి వెళ్ళిపోదామా అనిపించింది. వెళ్ళిపోతే పారిపోయిందంటారు. రెండూ ముప్పై ఎనిమిది. గడియారంలో ముప్పై ఏడు. ఇందాక గడియారమే ముందుంది కదా? ఆగి నడుస్తోందన్నమాట. ఇన్ని గంటలు లెక్కపెట్టే చోట గడియారం ఆగి నడిస్తే ఎట్లా.

బైకు చప్పుడు. ఈసారి ఖాకీ బట్టల్లో ఉన్నాడు గాని ఆ నడక అదే, ఆ హెల్మెట్టు అదే. అమలమ్మ లేచి నిలబడింది. ఆయన లోపలికొస్తూ చూసి, ఆగి, హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని నవ్వాడు.

"ఓహో, మీరేనా తల్లీ! గురువారం అబ్బాయిల్లేరన్నారు, మూడ్రోజుల్లో పుట్టాడా?"

పర్సు పోయినాయన కూడా నవ్వాడు. అమలమ్మకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది, దానికన్నా ముందు అడగాల్సింది అడిగేసింది. "పంపేశారాండీ కాగితం?"

"కూర్చోండమ్మా ముందు. పంపలేదు." ఆయన బల్లమీదకి ఫైలు లాక్కుని తిప్పుతున్నాడు. "పంపేవాణ్ణే. లేడని రాసేవాణ్ణే. మీ ఎదురింటావిడుంది చూశారూ, నన్ను వదిల్లేదు. నాకే ఎదురు ప్రశ్నలు. నీ కార్డేది, నువ్వు పోలీసువని ఏంటి గుర్తు, అని. కార్డు చూసి అప్పుడు చెప్పింది. ఆ ఇల్లే, ఆ పిల్లోడే, నా చేతుల్లో పెరిగాడు, ఆవిడకి అనుమానం ఎక్కువ, కార్డు చూపించకుండా అడిగావు గనక తప్పు నీది. ఆదివారం దాకా ఆగు, తనే నడిచొస్తుంది, రాకపోతే నేనే లాక్కొస్తా, అంది. నా సర్వీసులో ఇట్లా వాయిదా ఇచ్చినావిడ లేదు."

అమలమ్మ విన్నది. సంతోషం రావాలి కదా, ముందు అది రాలేదు. ఆవిడకి అనుమానం ఎక్కువ అందట. అందరికీ చెబుతోందా ఆ మాట? ఎందుకు చేసినట్టు ఇదంతా, పొద్దున గుడి బయట ఆ మాట విసిరే బదులు కాగితం ఆపాను వదినా అని చెప్పి ఏడవచ్చు కదా, రాత్రంతా నిద్రలేకుండా పడుకోనిచ్చి. దీనికి బదులు ఏం అడుగుతుందో రేపు. ఏమీ అడక్కపోతే ఇంకా కష్టం, జన్మంతా ఆ చూపు భరించాలి. ఇట్లా అనుకుంటూండగా ఎక్కణ్ణుంచో కాస్త ఊరట మెల్లగా వచ్చింది, అది రావడం కూడా ఆమె ఓ కంట కనిపెట్టింది.

"వాంగ్మూలం రాయండమ్మా, రెండు ముక్కలు." తెల్లకాగితం, పెన్ను. ఏం రాయాలో తెలీలేదు. బెన్నీ అని రాయాలా, ఇద్దరూ ఒకరేనని రాయాలా, ఆ మాట రాస్తే అదో తగాదానా? పేపర్లో రెండు పేర్లున్న మనుషులంతా దొంగలే. ఆయన చూశాడు, ఆగిన పెన్నుని. గొంతు తగ్గించాడు. "మీరు ఇంట్లో ఏమని పిలుచుకుంటారో నాకు అక్కర్లేదమ్మా. ఈ కాగితంలో ఉన్నవాడు ఆ ఇంటి పిల్లోడా కాదా, వాడిమీద కేసులున్నాయా లేవా, అంతే నా పని. మా ఇంట్లోనూ నన్ను దుర్గాప్రసాదంటే ఎవరూ పలకరు." అప్పుడు రాసింది. పదో తరగతి తర్వాత ఇంత జాగ్రత్తగా అక్షరం దిద్దింది లేదు. పవన్‌కుమార్ నా కుమారుడు. రాశాక మళ్ళీ చదువుకుంది. చేతిరాత తనదే. ఆ పేరు పక్కన నా అన్న మాట ఇన్నేళ్ళలో మొదటిసారి చూసింది, చూస్తే విడ్డూరంగా ఏం లేదు, ఉండాల్సిన చోటే ఉంది.

సంతకం పెడుతుండగా కొంగులో ఫోను మోగింది. రెండూ యాభై ఒకటి.

"ఎత్తండెత్తండి" అన్నాడు దుర్గాప్రసాద్. ఆమె బయట మెట్లదాకా వెళదామనుకుంది, ఈలోపు ఆగిపోతుందేమోనని అక్కడే ఎత్తింది.

"అమ్మా, తిన్నావా? నాన్న డ్యూటీకెళ్ళాడా? కృప..." అదే వరస. లోపలి గదిలో సెట్టు గరగరమని అంకెలు చెప్పింది. బెన్నీ ఆగాడు. "అమ్మా, ఏంటా సౌండు? సెట్టు కదా అది. మాకిక్కడ క్లాసు చెబుతున్నారు దానిమీద. ఎక్కడున్నావు నువ్వు?"

"హాస్టల్లోనేరా. మిక్సీ." ఇంటి గొడవలు వాడిదాకా పోనివ్వకండి.

"బానే ఉన్నావా?"

"బానే ఉన్నా. కూర కలుపుతున్నా." తన గొంతు తనకే వినబడింది. నున్నగా ఉంది, ఎక్కడా గరుకు లేదు.

"అమ్మా" అన్నాడు మెల్లగా, "నాకు అబద్ధం చెప్పకే."

జయకృష్ణగారి సలహాల్లో దీనికేం లేదు. ఉన్నా ఆమెకి గుర్తు రాలేదు. "పోలీస్ స్టేషన్లో ఉన్నాన్రా" అంది. "నీ గురించి అడగడానికొచ్చాడాయన, బడి పేరు పెట్టి అడిగాడు. నేను లేవన్నాను. నాకసలు కొడుకుల్లేరన్నాను. ఇప్పుడొచ్చి ఉన్నాడని రాసిచ్చాను. ఏం కాలేదంట, కాగితం పోలేదంట. తెరేసత్త ఆపిందంట."

అవతల నవ్వు. పెద్దగా, ముక్కులోంచి, కప్పులో టీ ఉంటే బయటికి చిమ్మే నవ్వు, పదమూడు వారాల్లో ఒక్కసారి వినని నవ్వు. పక్కన ఎవరన్నా నిలబడి వింటుంటే మనిషి అట్లా నవ్వలేడు. "నానమ్మ చెప్పినట్టు చేశావా?" అన్నాడు నవ్వుల మధ్య, "ఓయమ్మో, మా హవల్దారుకి తెలిస్తే..." నవ్వు సన్నగిల్లింది. ఊపిరి వినబడింది. ఒకసారి, రెండుసార్లు. "అమ్మా. నేనూ ఒకటి చెప్పలేదు."

అమలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"కాలి ఎముకలో సన్న చీలికంట. పది రోజులైంది. పరిగెత్తనివ్వట్లేదు. బెడ్డుమీదున్నా. ఇంకో రెండు వారాలు చూసి, తగ్గకపోతే వెనక బ్యాచ్‌లో వేస్తారంట. ఇంటికేం పంపరు. వెనక బ్యాచ్, అంతే. డేనియల్ వాళ్ళకి చెప్పకు." గొంతు పగిలింది, మళ్ళీ అతుక్కుంది. "బానే ఉన్నానని చెప్పమన్నారని కాదు, నేనే చెప్పలేదు."

పదమూడు వారాలుగా వాడు చెప్పిన మంచి కబురు ఒక్కటీ ఆమె నమ్మలేదు. ఇది విన్న వెంటనే నమ్మింది. ఇందులో వెదకడానికి ఏమీ లేదు, ఎముక, చీలిక, పది రోజులు, అంతే, అన్నీ ఉన్నచోట ఉన్నాయి. ఏడవకూడదన్న సంగతి కూడా గుర్తు పెట్టుకోవాల్సిన పని లేకపోయింది, ఏడుపు రాలేదు. దుర్గాప్రసాద్ కాగితం మడిచి ఫైల్లో పెడుతూ ఆగిపోయి ఆమె వంక చూస్తున్నాడు. పోలీసమ్మాయి ఎప్పుడో ఫోను పెట్టేసింది. ఇంకా రెండు నిమిషాలున్నాయేమో, ఒకటే ఉందేమో.

అమలమ్మ బెంచీమీద కూర్చుంది. ఫోన్ని రెండో చెవికి మార్చుకుంది.

"ఏ కాలురా?" అంది.